తొలిచూలు ఆవుకి నా కాపలా

ఈ రోజు మా ఆవు ఈనింది. దానికిదే తొలిచూలు. అమ్మా నాయనా పలమనేరులో పెళ్ళికి పోయారు, ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

మధ్యాహ్నం నుంచి అది పడుకోవడం, లేవడం, తోక ఎత్తి తిరగడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే నాయన "పైలం రా, జాగర్తగా సూసుకో" అన్నాడు. అమ్మ ఫోన్ లాక్కొని "కనిపెట్టుకోని ఉండు నాయనా, యాడికీ పోవద్దు" అంది. సరేనని దాని పక్కనే నిలబడ్డాను. అది పడుకోగానే దగ్గరికి పోయి వంగి చూశాను. లేచి నిలబడింది. ప్రతిసారీ ఇంతే. దూడ లోపలే చచ్చిపోతుందేమోనని ఇంకా దగ్గరికి జరిగాను.

పక్కింటి మంగమ్మత్త గోడ మీద నుంచి చూసింది.

"ఏం అబ్బయా, అట్ల గుడ్లప్పగించి సూస్తా ఉంటే అది యట్ల ఈనుతాది? నువ్వయితే ఈనుతావా?"

"అమ్మ కనిపెట్టుకోమనింది అత్తా."

"అంటే దాని మూతి కాడ నిలబడమనా? పోయి బయట కూసో. సెవులు మాత్రం ఈడ పెట్టు."

సిగ్గేసి కొట్టం వెనక్కి పోయి కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను, గోర్లన్నీ కొరికేశాను. చివరికి ఆవు గట్టిగా మూలిగింది. కాసేపటికి నాకుతున్న చప్పుడు. లోపలికి పరిగెత్తితే తడి తడిగా పెయ్యదూడ, తల ఎత్తి చూస్తోంది.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"దగ్గరుండి సూసుకుంటివా నాయనా?" అంది.

"ఊఁ" అన్నాను.

అది అబద్ధమంటారా? మీరే చెప్పండి.