లాగి కొలిచిన బెల్టు

మొన్న అంగట్లో పాత సొరుగు సర్దుతుంటే అడుగున చుట్టుకొని ఉన్న నల్ల రబ్బరు పట్టీ ఒకటి చేతికి తగిలింది. వేలెడు వెడల్పు, లోపలివైపు సన్నటి గాట్లు. ఒక అంచున దారాలు లేచిపోయాయి, ఒకచోట పూర్తిగా తెగిపోయింది. మా ఇంట్లో బట్టలారబెట్టే మెషీనులో ఆరేండ్లు తిరిగిన బెల్టు అది. హిందూపురంలో బట్టల అంగడి పెట్టుకున్నవాణ్ణి కాబట్టి జానెడు గుడ్డముక్కను కూడా పారెయ్యడానికి మనసొప్పదు గాని, రబ్బరు దాచుకునే అలవాటు నాకు లేదు. అయినా దాన్ని మళ్ళీ చుట్టి అక్కడే పెట్టాను. పారేస్తే, నేను చేసిన పనిని కూడా హాయిగా మరిచిపోతానేమోనని భయం.

మాది బజారులో ఇరుకు ఇల్లు. కింద అంగడి, నడుమ కాపురం, పైన మిద్దె. రెండు పక్కలా ఇండ్లు ఆనుకొని ఉంటాయి కాబట్టి మాకు కిటికీలున్నా అవి పక్కవాళ్ళ గోడల్నే చూస్తాయి. నా భార్యది ధర్మవరం. వాళ్ళది మగ్గాల ఇల్లు. పొద్దున లేస్తే వీధిలో మగ్గానికి పడుగు దారాలు చాపేవాళ్ళు, వాళ్ళ మాటలు, ఎకసెక్కాలు. అట్లాంటి వీధిలో పెరిగిన మనిషి మా ఇంటికొచ్చి గోడల్ని చూస్తూ కూర్చుంది. మా అమ్మ మంచాన పడ్డాక ఆ కూర్చోవడం కూడా పోయింది. రోజూ రెండు బకెట్ల బట్టలు. అవి ఉతికి, పదకొండు గంటలకు మిద్దెపైకి మోసుకుపోయి ఆరేసేది, మళ్ళీ మూడు గంటలకు పోయి తెచ్చేది. ఆ మిద్దె మీద పిట్టగోడకు అవతల పక్కింటామె ఉండేది. మడకశిర వైపు మనిషి, తెలుగు మొదలుపెట్టి కన్నడంలో ముగించేది. నా భార్య ఆమెను అక్కా అనేది. అరగంట పనికి గంటన్నర పట్టేది. కింద అంగడి గద్దె మీద కూర్చొని నేను ఆ గంటన్నరను లెక్కబెడుతూ ఉండేవాణ్ణి. పైకి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మంచితనం అనుకునే రకం నేను.

ఒకరోజు భోజనానికి కాస్త ముందుగా పైకి వచ్చాను. అమ్మ నిద్రపోతోంది. మిద్దె మీద నుంచి నవ్వులు వినపడినాయి. మా ఇంట్లో అట్లాంటి నవ్వు విని చాలా కాలమైంది, అందుకే మెట్లెక్కాను. ఇంకా నాలుగు మెట్లున్నాయనగా ఆగిపోయాను. నా భార్య తడిచీర కొంగును ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో సర్రున లాగి, ఒక కన్ను సగం మూసి, నా గొంతుతో అంటోంది: “రెండు వేళ్ళు ఎక్కువే ఇచ్చినానమ్మా, నీ మొగం జూసి!” పక్కింటామె పిట్టగోడ పట్టుకొని వంగి వంగి నవ్వుతోంది. “హంగే, అట్లనే అంటాడు! నాకూ హంగే అన్నాడు!”

ఇక్కడ మా విద్య గురించి చెప్పాలి. బట్టను మీటరు కడ్డీ మీద పెట్టి, బొటనవేలితో కొస నొక్కి, కొంచెం లాగి కొలిస్తే మీటరుకు రెండు వేళ్ళు మనకు మిగులుతాయి. వదిలిపెడితే బట్ట తన పొడుగుకు తాను పోతుంది. అది కొన్నవాళ్ళు ఇంటికి పోయాక. మా నాయన నాకు నేర్పిన మొదటి పని అదే. దాన్ని మోసమని నేనెప్పుడూ అనుకోలేదు, చెయ్యి తిరగడం అనుకున్నాను. నా భార్య ఎప్పుడూ అంగట్లో కూర్చున్నది కాదు. అయినా ఆ బొటనవేలు, ఆ సగం కన్ను, ఆ మాట, అన్నీ అచ్చం నావే. నన్ను ఎక్కిరించినందుకు కాదు నాకు మంటపుట్టింది, అంత సరిగ్గా ఎక్కిరించినందుకు. చప్పుడు చెయ్యకుండా దిగివచ్చాను. కనీసం నేనట్లా అనుకున్నాను.

పదిహేను రోజులకల్లా బట్టలారబెట్టే మెషీను కొన్నాను. “నీ మోకాళ్ళు నొస్తాండాయి, ఇన్ని మెట్లు ఎందుకెక్కల్ల?” అన్నాను. మోకాళ్ళు నొస్తున్నది నిజమే. మెషీనును మిద్దెమెట్ల కింద సందులో పెట్టించాను. పైన కోతులు చేరి నీళ్ళ తొట్టి మూత లాగేస్తున్నాయని మిద్దె తలుపుకు తాళం వేశాను. కోతులు కూడా నిజమే. నేను అబద్ధమాడే తీరు అది, ఎప్పుడూ నిజంతోనే మొదలుపెడతాను. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. మా బామ్మర్ది అయితే ధర్మవరం నుంచి వచ్చి మెషీను చుట్టూ తిరిగి చూసి, “మా అక్క అదృష్టవంతురాలు బావా” అన్నాడు. నెల తిరిగాక నా భార్య ఒక్కసారి అడిగింది, తాళంచెవి యాడుండాదని. అంగట్లో ఉంది, సాయంత్రం ఇస్తానన్నాను. ఇవ్వలేదు. మళ్ళీ ఆమె అడగలేదు. రెండేండ్లకు అమ్మ పోయింది. తాళం మాత్రం ఉండిపోయింది.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున మెట్ల కింద నుంచి పిలిచింది. “ఏమండీ, మెషీను మొత్తుకుంటాంది గానీ తిరగడం లేదు.” పోయి చూశాను. లోపల మోటరు చప్పుడు వస్తోంది, రబ్బరు కాలిన వాసన కొడుతోంది, బట్టలు మాత్రం అడుగున ముద్దగా పడున్నాయి. ప్లగ్గు పీకి, తలుపు తెరిచి లోపలి డ్రమ్మును వేలితో తోస్తే పట్టు లేకుండా గిర్రున తిరిగింది. “పోనీండి, వాన తెరిపిచ్చింది. మిద్దె మీద ఆరేస్తా, తాళంచెవి ఈండి” అంది.

ఆరేండ్లలో అది రెండోసారి. ఇచ్చేస్తే సరిపోయేది. కాని నా నోరు “ఈ పొద్దే బాగు చేయిస్తా ఉండు” అంది. ఆమె నా వైపు ఒకసారి చూసి, తడిబట్టలు తీసుకుపోయి కుర్చీల మీద, తలుపుల మీద, ఒకప్పుడు అమ్మ పడుకున్న మంచం కోళ్ళ మీద ఆరేసింది. నాలుగు రోజులు ఇంట్లో ఎటు తిరిగినా తడిచీర మొగానికి తగిలేది. ముక్కిపోయిన వాసన. ఫ్యాను గాలికి చీరలు కదులుతుంటే, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా ఎవరో అడ్డం నిలబడినట్టు ఉండేది. తప్పుకొని పోయేదానికి చోటు లేదు. ఆమె ఆ ఇంట్లో ఎట్లా ఉంటోందో నాకు నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది గాని, తెలిసినట్టు ఒప్పుకోలేదు.

మెకానిక్కు వచ్చి వెనక రేకు విప్పి, తెగిన బెల్టు బయటికి లాగాడు. డ్రమ్ము నడుం చుట్టూ ఇది తిరుగుతుందని, గాట్లు లోపలికి ఉండాలని, స్ప్రింగు చక్రం కింద నుంచి తెచ్చి మోటరు చక్రానికి తగిలించాలని వేలితో చూపించాడు. “కంపెనీ బెల్టు బెంగళూరు నించి రావాల, పదైదు దినాలైతాది. ధర్మవరంలో దొరకచ్చు, మగ్గాలకు, మిషన్లకు అన్ని బెల్టులూ ఆడ పెట్టుకోనుంటారు” అన్నాడు. బెల్టు మీది అంకెలు అరిగిపోయాయి. దాన్ని అంగట్లోకి తీసుకుపోయి, మీటరు కడ్డీ మీద పరిచి కొలుచుకొని, కాగితం మీద రాసుకొని బస్సెక్కాను. పాతది వెంట తీసుకుపోవాలని కూడా తోచలేదు. నలభై ఏండ్లు కొలిచినవాడికి నమూనా ఎందుకు?

బస్సు పెనుకొండలో ఆగింది. టీ తాగుతూ కొండ మీది కోటగోడ వైపు చూశాను. పెండ్లైన కొత్తలో ఆ దారినే ఆమెను పుట్టింటికి తీసుకుపోతుంటే, కిటికీలోనుంచి తల బయటికి పెట్టి, ఆ గోడ ఎందాక పోతుందో చూద్దామని అడిగింది. వచ్చేటప్పుడు ఎక్కుదామన్నాను. ఎన్ని వచ్చేటప్పుళ్ళు అయ్యాయో! బస్సు హారను కొడితే గ్లాసు పెట్టేసి ఎక్కాను.

ధర్మవరంలో బామ్మర్ది నన్ను బెల్టుల అంగడికి తీసుకుపోయాడు. దారిలోనే అడిగాడు, “పాతది తేలేదా బావా?” కొలత తెచ్చినానన్నాను. అంగట్లో గోడంతా నల్లటి బెల్టులు వేలాడుతున్నాయి. అంగడి ముసలాయన నా కాగితం తిప్పి చూసి, “ముక్క తేకుండా కొలత చెప్తాండావు. సరిగ్గా కొల్చినావా ఏమప్పా?” అన్నాడు. “బట్టల అంగడోణ్ణప్పా నేను” అన్నాను, కొంచెం గట్టిగానే. “అందుకే అడుగుతాండా” అని ఆయన నవ్వి, కొక్కేనికున్న బెల్టు తీసిచ్చాడు. బామ్మర్ది కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇంటికొచ్చి, మెకానిక్కు కోసం ఆగకుండా నేనే పనికి దిగాను. మెట్ల కింద సందు ఎంత ఇరుకో దానిలో దూరేవరకు నాకు తెలియదు. తల ఎత్తితే మెట్టు తగులుతుంది. వీపుకు గోడ, పొట్టకు మెషీను. కిటికీ లేదు, చెమ్మ, రబ్బరు వాసన. ఆమె బయట నిలబడి టార్చి పట్టుకుంది. ఆ వెలుగులో గోడకు కొట్టిన మేకు ఒకటి కనపడింది. దానికి మిద్దె మీది బట్టల తీగ చుట్టలు చుట్టి తగిలించి ఉంది, క్లిప్పులు వరసగా దానికే ఉన్నాయి. తాళం వేసిన పొద్దు పైనున్నవన్నీ దించుకొమ్మని చెప్పింది నేనే. వాడని తీగ మీద దుమ్ముండాలి కదా, లేదు. తుడుస్తున్నట్టుంది.

బెల్టు డ్రమ్ము చుట్టూ వేసి, స్ప్రింగు చక్రం కింద నుంచి తెచ్చి మోటరుకు తగిలించాను. చేత్తో మోటరు చక్రం తిప్పాను. చక్రం తిరిగింది, డ్రమ్ము కదల్లేదు. బెల్టు నాడా వదులైన పైజామాలాగ జారింది. ఇంకోసారి వేశాను. మళ్ళీ జారింది. రెండు వేళ్ళు ఎక్కువుంది.

పైనుంచి టార్చి కదల్లేదు. “లాగి కొల్చినారు” అంది ఆమె.

నాకు మొగం తిప్పుకునే చోటు కూడా లేదు. బయటికి వద్దామని కదిలితే మెషీను కాలు జారి నా మీదికే ఒరిగింది. ఊపిరి తీసుకోవచ్చు, అంతే. అట్లా ఇరుక్కోకపోయి ఉంటే ఆ మాట ఈ జన్మలో అనేవాణ్ణి కాదు. “ఆ పొద్దు మిద్దె మీద నువ్వు నన్ను ఎక్కిరిస్తాంటే చూసినా” అన్నాను. “నీ మోకాళ్ళ కోసం కాదు ఈ మెషీను తెచ్చింది.”

“తెలుసు. మీ చెప్పులు దిగిపోయిన చప్పుడు విన్నా.”

“మరి అడగలేదేమే?”

“ఏమని అడగల్ల? నవ్వినందుకు తాళమేసినారా అనా?”

తప్పు నాదేనన్నాను. ఆ మాట చాలా చిన్నదిగా వినపడింది, ఆ సందులో కూడా. ఆమె టార్చి మెట్టు మీద పెట్టి, రెండు చేతులతో మెషీనును తనవైపు లాగింది. “తల జాగర్త, మెట్టుండాది” అంది. అంతే.

మరుసటి రోజు పాత బెల్టు జేబులో పెట్టుకొని మళ్ళీ ధర్మవరం పోయాను. పోయేముందు తాళంచెవి ఆమె చేతికిచ్చాను. ముసలాయన పాత బెల్టును లాగకుండా బల్ల మీద వదిలేసి, దాని దారిన దాన్ని పడుకోనిచ్చి కొలిచాడు. అది సాగిపోయింది గదాని ఇంకో వేలు తగ్గించి ఇచ్చాడు. చూడడానికి ఎంత సులభంగా ఉందో! సాయంత్రం నేనొచ్చేసరికి మిద్దె తలుపు తెరిచి ఉంది. తుప్పు పట్టిన తాళం గడప పక్కన, దాని మీద కొబ్బరినూనె మరకలు. ఎంతసేపు తిప్పిందో.

పైకి పోయాను. తీగ కట్టేసింది. చీరలు ఆరేస్తోంది. కాని పిట్టగోడకు అవతల పక్కింటి మిద్దె లేదు. రెండు అంతస్తుల గోడ నిలబడి ఉంది, సున్నం కూడా కొట్టని ఇటుకల గోడ. ఆ వైపు ఎండ రాదు, మనుషులూ రారు.

“అక్క వాళ్ళు ఇల్లమ్ముకోని మడకశిర పోయి మూడేండ్లయింది” అంది, చీర దులుపుతూ. “చెప్పి పోయేదానికి వచ్చింది. మీరు అంగట్లో ఉండారు. కొన్నోళ్ళు పైకి లేపుకున్నారు. ఇటుకలు పేర్చే చప్పుడు మెట్ల కిందికి బాగా వినపడేది. మీకు వినపడలేదా?”

వినపడింది. పక్కిల్లు చేతులు మారిందని బజారులో విన్నాను కూడా, కింద అంగట్లో కూర్చొని కొన్నవాళ్ళెవరో కడుతున్నారనుకున్నాను, అంతకుమించి పైకెక్కి చూడాలనుకోలేదు. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె చీర ఒక కొస నా చేతికిచ్చింది. నేను దాన్ని లాగకుండా ఊరికే పట్టుకొని నిలబడ్డాను. “లాగండి, ముడతలు పోవాల” అంది. “ఈడ లాగితే తప్పు లేదులే.” ఆమె పెదవి ఒక పక్కకు కొంచెం కదిలింది. అది నవ్వో కాదో నేను అడగలేదు.

ఆ రాత్రికి కొత్త బెల్టు సరిగ్గా పట్టింది. ఇప్పుడు వాన రోజుల్లో మెషీను తిరుగుతుంది, ఎండ రోజుల్లో ఆమె మిద్దె మీదికి పోతుంది, గోడవైపు వీపు పెట్టి అరగంటలో దిగివస్తుంది. గంటన్నర పట్టదు. మొన్న సొరుగులో ఆ తెగిన పట్టీ చేతికి తగిలినప్పుడు ఆ అరగంటే గుర్తొచ్చింది. జీవితమంతా లాగి కొలిచినవాణ్ణి. ఆరేండ్లు ఎంత పొడుగుంటాయో ఉన్నదున్నట్టు కొలిచింది మాత్రం, ఆ సాయంత్రం ఆ ఇటుకల గోడ ముందర నిలబడినప్పుడే.