ఆయన చుట్టిన మోటారు

మా ఆయన ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసేవారు. కాలిపోయిన పంపులు, గ్రైండర్లు, ఫ్యాన్లు ఇరవై రెండేళ్ళు చుట్టారు. ఇంటికొచ్చాక కూడా చుట్టడమే, కాకపోతే అవి గుప్పిట్లో ఇమిడే మోటార్లు. రిమోట్‌తో నడిచే చిన్న కార్లంటే ఆయనకు పిచ్చి. కొన్న కారును కొన్నట్టు ఉంచేవారు కాదు. లోపలి మోటారు విప్పి, సన్నతీగ తీసేసి, లావు తీగతో తక్కువ చుట్లు చుట్టేవారు. అలా చుడితే వేగం పెరుగుతుందట. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక సిమెంటు నేల మీద దాన్ని పరుగెత్తించేవారు. అన్నానికి ఆలస్యమవుతోందని నేను గేటు దగ్గర నిలబడి గొణిగేదాన్ని.

"పెద్ద పినియన్ వేశానే ఇవాళ, చూడు ఎట్టా పోద్దో," అనేవారు. పినియన్ అంటే మోటారు ఇరుసుకు తగిలించే చిన్న పళ్ళచక్రం. అది పెద్దదైతే కారు ఇంకా జోరుగా పోతుందని, ఆ ఒక్క ముక్క మాత్రం నా బుర్రకెక్కింది.

నలభై ఎనిమిదో ఏట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రి నుంచి భవానీపురంలో మా ఇంటికి వచ్చేసరికి ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే మాట: "కాదు." మంచినీళ్ళు కావాలా అంటే కాదు. తాగాక గ్లాసు తీసేస్తుంటే కాదు. ఆకలైనా కాదే, నిద్రొచ్చినా కాదే. ఆ మాటకు అర్థం లేదని, నోరు దానంతటదే అంటోందని డాక్టరు చెప్పారు. నెల తిరక్కుండా నేను దాన్ని వినడం మానేశాను.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి ఒకరోజు, "ఆంటీ, అంకుల్‌కి బాగా ఇష్టమైన పనేదన్నా ఉంటే అది చేయించండి. ఎప్పుడూ ఈ బంతే నొక్కమంటే ఆయనకీ బోర్ కొడుతుంది కదా," అంది.

బీరువా మీద నుంచి కారు దించాను. దాని రిమోట్ తుపాకీలా ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుని చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కాలి, కుడిచేత్తో పక్కనున్న చక్రం తిప్పాలి. ఎడమచెయ్యి బాగానే ఉంది గదా. "మీరు నొక్కండి, నేను తిప్పుతాను," అన్నాను. ఆ ఆదివారం ఆయన స్నేహితుడు, షాపులో పక్క బల్ల మీద పనిచేసేవాడు, మమ్మల్ని ఆటోలో చర్చికి తీసుకెళ్ళాడు. ప్రార్థన అయ్యాక వీల్‌చెయిర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నేను చక్రం తిప్పాను. కుడికి తిప్పాల్సింది ఎడమకు తిప్పి కారును గోడకు కొట్టాను. ఆయన నవ్వారు. నోరు ఒక పక్కకే వెళ్ళింది గానీ, నవ్వే. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

ఆ నవ్వు చూశాక నాకు ఆశ పుట్టింది. అక్కడే చెడింది.

ఇంట్లో ఆయన బల్ల సొరుగులో ఒక మోటారు ఉంది. జబ్బు చేయడానికి ముందు వారం చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టుకున్నది. కుడిచేత్తో ఆయన చేసిన చివరి పని అదే. దాన్ని కారుకు బిగిస్తే ఎంత సంతోషిస్తారో అనుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూస్తూ మూడు సాయంత్రాలు తంటాలు పడ్డాను. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకునే చేశాను. పాత మోటారు విప్పి ఇది పెట్టాక, డబ్బాలో ఉన్న పినియన్లలో అన్నిటికన్నా పెద్దది తీశాను.

"కాదు," అన్నారాయన.

"ఇదేనండీ. పెద్దదైతేనే గదా స్పీడు. మీరే చెప్పేవాళ్ళు."

"కాదు. కాదు. కాదు." ఎడమచేత్తో నా చేతి మీద కొట్టారు. పినియన్ మంచం కిందికి దొర్లింది. నేను వంగి తీసుకుని, పైటతో తుడిచి, "నాకు తెలుసులెండి, మీరు ఊరికే ఆయాసపడకండి," అంటూ బిగించేశాను. ఆయన నన్ను చూసిన చూపు అప్పుడు వట్టి చిరాకనిపించింది.

ఆదివారం మళ్ళీ చర్చి వెనక కారు నేల మీద పెట్టి, రిమోట్ ఆయన చేతికిచ్చాను. వేలు కదల్లేదు. "నొక్కండి," అన్నాను. "కాదు," అన్నారు. బతిమాలాను. చూసేవాళ్ళు నలుగురు చేరారు. చివరికి ఆయన వేలి మీద నా వేలు పెట్టి నేనే నొక్కాను.

అది పోయిన పోకడ ఏమని చెప్పను! సన్నటి కూత పెట్టుకుంటూ కంటికి ఆనకుండా ఆ చివరికి వెళ్ళింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఆయన వేలు వదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు సగం దూరంలో కూత బొంగురుపోయింది. పొగ వచ్చింది. కారు ఆగిపోయింది. కాలిన వార్నిష్ వాసన నాకేం కొత్త కాదు, పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చొక్కాలన్నిటికీ అదే వాసన.

స్నేహితుడు మోటారును ముట్టుకుని చురుక్కుమనడంతో చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వదినా, ఈ పినియన్ ఎవరేశారు?"

"నేనే."

"ఈ వైండింగ్‌కి చిన్నదెయ్యాలి వదినా. పెద్దదేస్తే లోడు పడి కాలిపోద్ది. అన్న చుట్టినప్పుడే చెప్పాడు నాకు, దీనికి అన్నిట్లోకీ చిన్నదే వెయ్యాలని..." మా ఆయన ముఖం చూసి మాట మధ్యలో ఆపేశాడు.

ఆయన ఏడుస్తున్నారు, చప్పుడు లేకుండా. అన్ని నెలలూ అర్థం లేకుండా వచ్చిన మాటను, నేను పినియన్ బిగించిన సాయంత్రం అర్థంతోనే అన్నారు. అనడానికి ఆయన దగ్గర ఇంకో మాట లేదు.

స్నేహితుడు ఆ మోటారును షాపుకు తీసుకెళ్ళి మళ్ళీ చుట్టి తెచ్చాడు. "అచ్చం నువ్వు చుట్టినట్టే చుట్టానన్నా, చూడు," అని అరచేతిలో పెట్టాడు. మా ఆయన కాసేపు దాన్ని చూసి గోడవైపు తిరిగిపోయారు. ఆ తర్వాత బంతి నొక్కమన్నా నొక్కలేదు, కాలు కదపమన్నా కదపలేదు. ఫిజియో అమ్మాయి రెండు నెలలు ప్రయత్నించి, "అంకుల్ కోపరేట్ చెయ్యకపోతే నేనేం చెయ్యలేను ఆంటీ," అని రావడం మానేసింది. ఎడమచెయ్యి కూడా సన్నబడిపోయింది. చర్చికి తీసుకెళ్తే అంతసేపూ కళ్ళు మూసుకునే ఉంటున్నారని అదీ మానేశాం. పాస్టర్ గారే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. ఆ ఒక్క మాట కూడా ఇప్పుడు లేదు. నీళ్ళు కావాలా అని నేనే అడిగి, నేనే తాగిస్తాను.

మొన్నొక రోజు గడ్డం గీస్తూ చెప్పాను. "తప్పు నాదేనండీ. మీరు చెప్పారు. నేనే వినలేదు." సబ్బు నురగ కింద ముఖం కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కిటికీ వైపు. విన్నారో లేదో తెలియదు. రెండో చెంప కూడా గీసి, తడిగుడ్డతో తుడిచి, ఆయన్ను పడుకోబెట్టాను.