పప్పుగుత్తీ, కర్ణుడి కవచమూ

పొద్దున్నే బాల్కనీలో రేకు ముక్కలు ఊడవడం నా మొదటి పని. అవి చీపురుకు చచ్చినా రావు, కాలికి మాత్రం పిలవకుండా వస్తాయి. అందుకని ముందు చీపురు, తరవాత తడిగుడ్డ, ఆ పైన వంగుని చేత్తో ఏరడం. అప్పుడుగానీ కాఫీ లేదు. మధ్యలో కొన్ని నెలలు ఆ పని లేకుండా పోయింది. బాల్కనీ అద్దంలా ఉండేది. కాఫీ తొందరగా అయిపోయేది. ఏం తోచక తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని.

ఆ రేకు ముక్కలు మావారివి. పేరు విద్యాసాగర్. గన్‌ఫౌండ్రీలో ఒక బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఆయన పిచ్చి ఏమిటంటే, ఏ పనిముట్టయినా నా చేతికిచ్చి చూడందే కొనేవారు కాదు. సుత్తయినా, కత్తెరయినా, ఆకురాయయినా అంతే. వాడేది ఆయన. చేసేది కవచాలు. పట్టుకుని చూడవలసింది మాత్రం నేను!

కవచాలేమిటంటారా? రిటైరైన కొత్తలో నాంపల్లిలో పద్యనాటకానికి తీసుకెళ్ళారు. బ్యాంకు ఉద్యోగులు వేసే నాటకం. కర్ణుడి వేషం వెంకీ అనే కుర్రాడిది. కవచం అట్టముక్క. ఇంద్రుడు అడక్కముందే ఫ్యాను గాలికి అది ఊడి కిందపడింది. పాపం, ఆ ఇంద్రుడే వంగి తీసి, కర్ణుడికి మళ్ళీ తగిలించి, అప్పుడు దానం అడిగాడు. జనం ఈలలు వేశారు. మావారికి నవ్వు రాలేదు.

"పుట్టుకతో వచ్చిన కవచం వసూ! అట్టతోనా?" అన్నారు ఇంటికొచ్చే దారంతా.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఒళ్ళంతా ఇనుము తొడుక్కున్న దొరలు. సోమవారం మేము నాంపల్లిలో ప్రహ్లాద్ గారి హార్డ్‌వేర్ కొట్టు ముందున్నాం.

"వసూ, ఇది పట్టుకో."

"నేనెందుకండీ? నాకేం తెలుసు?"

"పట్టుకో ముందు. ఇప్పుడు గాల్లో కొట్టు."

ఒక చేత్తో కూరల సంచి, ఇంకో చేత్తో సుత్తి. నడిబజార్లో గాలిని కొట్టాను. పిలుస్తున్నాననుకుని ఆటోవాడొకడు దగ్గరికొచ్చాడు. సుత్తి చూసి వేగం పెంచాడు.

"మణికట్టు లాగుతోందా?"

"కొంచెం."

"ప్రహ్లాద్, ఇది వద్దయ్యా. ఇంకాస్త తేలికది తియ్యి."

"గిది మీ చేతికి మంచిగుంటది సార్," అన్నాడాయన. "అమ్మ చేతులు చూస్తరేంది? గాజులు కొంటున్రా, సుత్తి కొంటున్రా?"

"నీకు తెలీదులే. తియ్యి."

అంతటితో అయ్యేది కాదు. చొక్కా జేబులో చిన్న రేకు ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. సుత్తి మొహం గుండ్రంగా, నున్నగా ఉండాలట. అంచు కోసుగా ఉంటే రేకు మీద దెబ్బకో గీత పడుతుందట. ప్రతి సుత్తితోనూ రేకు మీద ఒకటి కొట్టి, వెలుతురుకు పెట్టి చూసేవారు. గీత కనిపిస్తే, "ఇది మేకులు కొట్టడానికే," అని పక్కన పెట్టేసేవారు. సార్ వస్తున్నారంటే ప్రహ్లాద్ షటర్ సగం దించేవాడు. ఆయన వంగుని లోపలికి దూరేవారు. వెనకాల నేనూ దూరేదాన్ని.

తోలు చేతిజోడు కొన్నప్పుడూ అంతే. నాకు తొడిగి, "సరిపోయిందా? అయితే ఇదే," అన్నారు. ఇంటికొచ్చి ఆయన తొడుక్కుంటే సగం అరచేతి దగ్గరే ఆగిపోయింది.

"మీకు చిన్నదండీ!"

"తోలు కదా, సాగుతుంది."

తోలు సాగలేదు. ఆయనే సర్దుకున్నారు. అంత పెద్ద చేతిలో ఆ బుల్లి సుత్తి చెవిలో పెట్టుకునే పుల్లలా ఉండేది. ఇసుక సంచి మీద రేకు పెట్టి, దోమల్ని చంపుతున్నట్టు టపటపా కొట్టేవారు. సాయంత్రానికి కవచం కాస్తా ఆర్టీసీ బస్సు గుద్దిన బిందెలా తయారయ్యేది.

పొద్దున ఆయన పాలకు వెళ్ళగానే నేను మెల్లిగా దాన్ని ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మా పుట్టింట్లో ఇత్తడి బిందె సొట్టపోతే కర్రతో లోపలినుంచి తట్టి తీసేవాళ్ళం. ఇక్కడ కర్ర లేదు, పప్పుగుత్తి ఉంది. టక్, టక్, చేత్తో నిమిరి మళ్ళీ టక్. ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే పప్పుగుత్తి వంటింట్లోకి, నేను చీపురు దగ్గరికి.

ఆయన వచ్చి కవచం చూసి తల ఊపేవారు. "చూశావా వసూ! నిన్న ఎన్ని సొట్టలున్నాయి? రాత్రికి అవే సర్దుకున్నాయి. లోహానికి కూడా విశ్రాంతి కావాలి."

"అవునండీ," అనేదాన్ని.

ఈ సిద్ధాంతం ఆయన కింద వాటాలో ఉండే సౌభాగ్యకు కూడా చెప్పారు. అప్పటినుంచి ఆమె గిన్నె సొట్టపోతే, "అక్కా, జర మీ బాల్కనీల వెట్టు, రాత్రికి పండుకుంటది," అని పంపేది. పొద్దున నున్నగా తీసుకెళ్ళేది.

ఒకరోజు శిరస్త్రాణం చేసి తలకు పెట్టుకున్నారు. ఎక్కడం ఎక్కింది, దిగలేదు. లోపలినుంచి ఏదో అంటున్నారు, బావిలోంచి అన్నట్టుంది. సరిగ్గా అప్పుడే గ్యాసు సిలిండరు వచ్చింది. తెచ్చిన కుర్రాడు మావారిని చూసి సిలిండరు గుమ్మంలోనే దించి, "మేడం, పైసలు ఫోన్ల పంపుండ్రి," అంటూ మెట్లు దిగిపోయాడు. సౌభాగ్య కొబ్బరినూనె సీసాతో పరుగెత్తుకొచ్చింది.

"ఏందక్కా, సారు యుద్ధానికి పోతున్రా?"

కంగారులో ఏం చేస్తున్నానో చూసుకోలేదు. పప్పుగుత్తి తెచ్చి, చెవి దగ్గర నొక్కుకుపోయిన చోట పక్కలనుంచి తట్టాను. నొక్కు విడింది, తల బయటికొచ్చింది. ఆయన నూనె కారుతున్న మొహంతో ముందు శిరస్త్రాణం చూశారు, తరవాత పప్పుగుత్తి చూశారు.

ఆ వారంలోనే పప్పుగుత్తి కనిపించకుండా పోయింది. పప్పు గ్లాసు అడుగుతో మెదుపుతుంటే ఆయన బజారునుంచి వచ్చారు, సంచిలో పప్పుగుత్తితో. "ఎలా పడిందో మరి!" అన్నారు.

తరవాత కొన్నాళ్ళకే ఆయన గుండె ఆగిపోయింది. కవచానికి ఎడమ భుజం ఒక్కటే చెయ్యడం మిగిలిపోయింది.

నెలలు గడిచాక కర్ణుడి వేషం వేసే వెంకీ వచ్చాడు. మావారు ఆ కవచం చేస్తున్నది అతనికోసమే. "నాటకం తేదీ వచ్చేసిందమ్మా. భుజం లేకపోతే మళ్ళీ అట్టే కట్టుకుంటాను, ఏం చేస్తాం," అన్నాడు. ఆ ఈలలు నాకు వినిపించాయి. ఆయన చేసిన కవచం కూడా అట్టముక్క వల్ల నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు. పనిముట్లన్నీ సంచిలో వేసుకుని నాంపల్లి వెళ్ళాను.

"ఇవి తీసేసుకోండి ప్రహ్లాద్ గారూ. పని తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఈ భుజం పూర్తి చేయించండి."

ఆయన సంచిలోకి చూసి నవ్వాడు. "గివి నేనేం చేస్కోవాలమ్మా? అన్నీ మీ చేతి కొలతలే. మీవి మీరే నాకిస్తే ఎట్ల?"

"నావేమిటి?"

"సార్ చెప్పలే? మీ పుట్టింట్ల మీరు బిందె సొట్టలు తీసుడు ఎప్పుడో చూసిండట. 'రోజంతా నేను సొట్టలు వెడత, పొద్దుగాల పాలకు పోయొచ్చేటాళ్ళకు మా ఆమె తీస్తది. నాకు తెల్వదనుకుంటది' అని గీడ కూసొని ఒకటే నవ్వు. అడగరాదుండ్రి సార్ అన్న. 'అడిగితే మానేస్తదయ్యా, చదువుకోలేదని దానికి ఊకె జంకు. చేతికి సామాను కుదిరితే ఒకనాడు అదే వచ్చి కూసుంటది' అన్నడు."

ప్రహ్లాద్ అల్మారా మీదనుంచి ఒక చెక్కసుత్తి దించాడు. "గిది గూడ సార్ చేయించిందే. తీస్కపోనీకి రాలే. ఇంట్లకెల్లి పప్పుగుత్తి తెచ్చి, గింతే మందం పిడి ఉండాలె అని కట్టెపని చేసే వడ్లాయన నెత్తి మీద కూసున్నడు."

పట్టుకున్నాను. అలవాటుగా గాల్లో కొట్టాను. మణికట్టు లాగలేదు. ఆటో ఒకటి ఆగింది. సంచి తీసుకుని ఎక్కాను.

ఎడమ భుజం నేనే చేశాను. చేతిజోడు నాకు అతికినట్టు సరిపోయింది. నాటకం రోజు కవచం ధగధగలాడింది. ఇంద్రుడు అడిగాడు. వెంకీ లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. ఇంద్రుడూ ఓ చెయ్యి వేశాడు. చివరికి ఇంద్రుడు, "నీ దానబుద్ధికి మెచ్చితిని, కవచము నీవద్దనే యుండనిమ్ము!" అనేశాడు. ఈలలే ఈలలు. భుజం దగ్గర రేకులు కలిపే రివెట్లు మరీ బిగించేశాను.

నిన్న వెంకీ కవచం తెచ్చిచ్చాడు. సాయంత్రమంతా బాల్కనీలో కూర్చుని రివెట్ల తలలు ఆకురాయితో రాకి, వదులు చేశాను. ఈ పొద్దున నేలంతా రేకు పొడి, ముక్కలు. చీపురు తీశాను. కాసేపు నిలబడి మళ్ళీ మూలన పెట్టేసి కాఫీ కలుపుకున్నాను.

కిందనుంచి సౌభాగ్య అరిచింది. "అక్కా, ఇయ్యాల ఊడ్వలేదా ఏంది? ఎండకు అన్నీ మెరుస్తున్నయ్!"

"ఉండనీ సౌభాగ్యా," అన్నాను. "లోహానికి కూడా విశ్రాంతి కావాలి."