లేవని ఎడమ చెయ్యి

రెండువేల మూడు ప్రాంతంలో మడివాళలో ఒక మేడమీది హాల్లో మా తెలుగు క్రైస్తవ సంఘం కూడేది. ఆరాధన నడిపించేది నేనే. స్తుతి వేళ అందరూ రెండు చేతులూ పైకెత్తేవాళ్ళు. నా భార్య మాత్రం కుడి చెయ్యే ఎత్తేది. ఎడమది భుజం దాకా కూడా వచ్చేది కాదు.

"నొప్పిగా ఉండాదండీ. తల దువ్వుకోవాలన్నా ప్రాణం పోతాది," అని ఇంట్లో చాలాసార్లు చెప్పింది.

నేను వాక్యం చదివినవాణ్ణి. ఒంటికి ఏ బాధ వచ్చినా దాని వేరు ఆత్మలో వెతకడం నాకు అలవాటు. కొన్నాళ్ళ ముందు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో ఈమె చేసిన పులిహోర ఉప్పయిందని నా చెల్లెలు అంటే, ఈమె ముఖం తిప్పుకుంది. వేరు దొరికిందనుకున్నాను. "మనసులో పగ ఉంచుకుంటే చెయ్యి ఎట్ల లేస్తాది?" అని ఆదివారం ప్రసంగంలోనే అన్నాను. పేరు చెప్పలేదు. అందరూ ఆమె చేతివైపే చూశారు.

ఆ సాయంత్రం వర్తూరులో చెల్లెలి ఇంటికి తీసుకుపోయి క్షమాపణ అడిగించాను.

"పోనీలే వదినా, నేనెప్పుడో క్షమించినా. చూస్తాండు, రేపటికి నీ చెయ్యి జెండా మాదిరి లేస్తాది," అంది చెల్లెలు.

లేవలేదు. ఇంకా ఏదో దాస్తోందనుకుని వారానికి రెండురోజులు ఉపవాసం ఉండమన్నాను. ఎదురు చెప్పకుండా ఉంది.

నాలుగు నెలలకు జాకెట్ చేతిలో చెయ్యి దూర్చలేక ఏడ్చేసింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆ చెయ్యి తనే పట్టుకుని మెల్లగా లేపబోయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది.

"చూడండి, నేను లేపినా లేవడం లేదు. కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. అది వాచి, మందమై బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్. కొందరికి కారణమే దొరకదు. థైరాయిడ్ ఉన్నా, దెబ్బ తగిలి చెయ్యి చాలాకాలం కదపకున్నా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. ఎప్పుడైనా టెస్ట్ చేయించారా?"

చేయించలేదు. చేయిస్తే షుగర్ బాగా ఎక్కువుంది. "ఇన్ని నెలలు ఏం చేశారు?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. ఉపవాసాలని నా నోట రాలేదు. నా భార్య కూడా చెప్పలేదు.

మందులు, గోడమీద వేళ్ళు పాకించే వ్యాయామం మొదలయ్యాయి. చెయ్యి తల దాకా రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా చెల్లెలికి సంగతి చెప్పాను.

"మరి ఆరోజు నేను క్షమించింది దేన్ని, అన్నా?" అంది.

కాఫీ తాగి వచ్చేశాను.

"సంఘంలో కూడా చెప్తారా?" అని నా భార్య ఒక్కసారి అడిగింది. చెప్తానన్నాను. ప్రభువు ముందు నా తప్పు ఎన్నోసార్లు ఒప్పుకున్నాను, అది సులువే. ఆ హాల్లో మరో ఐదేళ్ళు ప్రసంగించినా ఆ ఒక్కమాట చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.