దోబ్రి గోధుమలకు ఆగిన బండి

నేదా నాయనమ్మను నిలబెట్టి కొలిస్తే రైలు పట్టాల పక్కన పాతిన జెండా కర్రలో సగానికి వచ్చేది. మిగతా సగం ఎత్తూ నోరే భర్తీ చేసేది.

ఆ వసంతంలో కొండ మీద కొత్త చర్చి తెరవడానికి రాజుగారు వస్తున్నారని కబురొచ్చింది. బల్గేరియా అంతటా బురద ఉన్నా మా ఊరి బురదకి పేరు ఎక్కువ. అందులో రాచబండి దిగబడకుండా, స్టేషన్ నుంచి కొండ కింది దాకా మూడు వారాల్లో పట్టాలు వేసేశారు. రాజుగారు వెళ్ళిపోగానే పీకేసేవే కాబట్టి కంకర కూడా పోయలేదు. అవి సరిగ్గా ఊరికీ శ్మశానానికీ మధ్య పడ్డాయి.

చిక్కు అక్కడే వచ్చింది. రాజుగారొచ్చే నాటికి నేదా భర్త దోబ్రి పోయి నలభై రోజులు. నలభయ్యో నాడు మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఉడికించిన గోధుమలు సమాధికి చేర్చాలి, దారిలో ఎదురైనవాళ్ళకి పెట్టాలి. తిన్నవాళ్ళు "దేవుడు అతన్ని మన్నించుగాక" అనాలి. లేకపోతే పోయినవాడు ఆకలితో గుమ్మం దగ్గరే తచ్చాడతాడు. దోబ్రి బతికినన్నాళ్ళూ తచ్చాడింది చాలని నేదా అనేది.

ఆ పొద్దున ఊరి పెద్ద ఇల్చో వాకిట్లోకి వచ్చాడు. "ఇవాళ పట్టాలు దాటకూడదు నేదత్తా. ఆ గోధుమలేవో రేపు పెట్టుకో. దోబ్రి మామ ఎక్కడికి పోతాడు?"

"నలభయ్యో రోజు రేపు రాదు నాయనా. మీ రాజునే రేపు రమ్మను."

"అత్తా, నా పెత్తనం ఊడిపోతుంది."

"ఊడితే దానికీ గోధుమలు ఉడికిస్తాలే."

అలా అని గోధుమల మీద పంచదార చల్లి, అక్రోటు పప్పులతో శిలువ పేర్చింది. దోబ్రి జన్మంతా అక్రోట్లు ఏరి పక్కన పెట్టినవాడే. అయినా పెట్టింది. పోయాకైనా తినడం నేర్చుకోవాలిగా.

పట్టాల దగ్గర కావలి ఉన్న సిపాయి నడివయసు పల్లెటూరి మనిషి. నల్ల తలగుడ్డ, గోధుమల పళ్ళెం, అందులో వెలిగే కొవ్వొత్తి చూసి టోపీ తీసేశాడు. చావు గోధుమలకి అడ్డం నిలబడమని అతనికి ఎవరూ నేర్పలేదు. నేదా పట్టాల మధ్యకి చేరేసరికి రాజుగారి రైలుబండి నత్తలా వస్తోంది. కూత వేసింది. గాలికి కొవ్వొత్తి రెపరెపలాడితే నేదా ఆగి, అరచెయ్యి అడ్డం పెట్టింది. బండి కూడా ఆగింది.

తెల్ల చేతిజోళ్ళ అధికారి ఒకాయన దిగాడు. రాజుగారి కొలువుకి పరాయి దేశం నుంచి వచ్చినవాడు, మా భాష పుస్తకాల్లో నేర్చుకున్నవాడు. ఇక్కడ అతిథికి రొట్టె, ఉప్పు పెడతారని చదివాడు కాబోలు, పళ్ళెం చూసి ముఖం వికసించింది. చెంచాడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పట్టాల అవతల నిలబడి చూస్తున్న ఇల్చో ముఖం సున్నం కొట్టినట్టయింది.

"తిన్నావు బాబూ," అంది నేదా. "ఇక 'దేవుడు దోబ్రిని మన్నించుగాక' అను."

"దోబ్రి ఎవరమ్మా?"

"మా ఆయన. పోయి నలభై రోజులైంది."

ఆయన దవడ ఆగింది. ఉమ్మడానికి చోటు లేదు, వెనక కిటికీల నిండా కళ్ళు. నేదా కదల్లేదు. చివరికి ఆయన చేతిజోడు తీసి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నేదా చెప్పిన మాట అన్నాడు.

"ఇప్పుడు పక్కకి జరుగుతావా?" అని అడిగాడు.

"పళ్ళెం ఒలకకుండా ఎంతసేపు పడితే అంతసేపు," అంది నేదా, అలాగే నడిచింది. శ్మశానం గేటు దాటాకే మధ్యాహ్నం గంట కొట్టింది.

సాయంత్రం ఇల్చో మళ్ళీ వచ్చాడు. "పత్రికవాళ్ళు అడుగుతున్నారత్తా. రాజుగారికి స్వాగతం పలకడానికే వచ్చానని చెప్పు, గొడవ వదులుతుంది."

"నేను ఎవరికీ స్వాగతం పలకలేదు. మా ఆయనకి పెట్టుకున్నాను. అలాగే రాసుకోమను." పళ్ళెంలో మిగిలింది అతని ముందుకు తోసింది. "నువ్వింకా తినలేదు."

ఇల్చో చెంచా తీసుకున్నాడు. తిని, తల వంచుకుని, అనాల్సింది అన్నాడు.

"అక్రోట్లు ఏరకు," అంది నేదా.