దారిలో ఆగని బస్సు

మక్తల్ నుంచి పాలమూరుకు నేను రోజూ ఎక్కే బస్సులో, ఆ కండక్టరమ్మ ప్రతి ముఖంలోకీ చూసి నవ్వాకే టికెట్ ఇచ్చేది. ఆ రోజు నన్ను చూసి నవ్వు ఆపేసింది. నా మూతి వంకరపోయిందట, చేతిలోంచి ఫోను జారిందట. నాకు మాత్రం కిటికీ బయట కందిచేలు నీళ్లలో మెల్లగా తేలిపోతున్నాయి.

“అన్నా, యాడా ఆపకు. సీదా పెద్ద దవాఖానకు పోనియ్యి,” అని డ్రైవరుతో అంది.

“మా ఊరు దాటిపోతాంది!” ఎవరో అరిచారు.

“జర ఓపిక పట్టుండ్రి. ఆలస్యమైతే ఈ సారు మెదడు దెబ్బతింటది.”

దవాఖానలో మెదడులోని రక్తపు గడ్డను కరిగించే సూది వేశారు. సాయంత్రానికి నాకు మాట తిరిగొచ్చింది.

“ఆమె ఏది?” అని మా ఆవిడను అడిగాను.

“అప్పుడే ఎల్లిపోయింది. బస్సు ఎనక్కి తిప్పుకపోయి, అందర్ని ఎవల ఊర్లె వాళ్లను దింపాలె అన్నది.”