గుసగుసల ఇంటర్వ్యూ

ఈ సంగతి నేనే రాయాల్సి వచ్చింది. మా అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఇది ఇప్పటికీ నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒక రకంలో నేను యూనివర్సిటీ పెద్దల మీద కేకలేసి ఉద్యోగం లాక్కున్నాను. ఇంకో రకంలో బల్ల విరగ్గొట్టాను. బల్ల విరగలేదు. అంతవరకు హామీ ఇవ్వగలను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పొద్దున్న మార్కెట్లో బెల్లం దిమ్మల వరసల మధ్య నడుస్తూ వేలం పిలవడం నా పని. మధ్యాహ్నం నుంచి గ్రంథాలయంలో చదవడం నా అసలు పని. కాలేజీ గుమ్మం ఎక్కని నేను అక్కడి అర్థశాస్త్రం బీరువాని పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివేశాను. కొన్ని పుస్తకాలకి చివరి పేజీలు ఉండేవి కావు. వాటి ముగింపులు నేనే ఊహించుకున్నాను. తర్వాత అసలువి దొరికితే, ఒకటి రెండు చోట్ల నాదే బాగుందనిపించింది.

ప్రైవేటుగా డిగ్రీ, దూరవిద్యలో ఎం.ఏ., మూడో ప్రయత్నంలో నెట్. ఆ తర్వాత ఒక యూనివర్సిటీ నుంచి అర్థశాస్త్రం లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆ శాఖలో ఖాళీ పడటం చాలా ఏళ్ళకి ఇదే. ఇది తప్పిపోతే మళ్ళీ పడేసరికి నాకు తల నెరిసిపోతుంది, జీవితమంతా దిమ్మల మధ్యే నడవాలి.

ఇంటర్వ్యూ అంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు. అందుకని గ్రంథాలయంలోనే ఒక నకిలీ ఇంటర్వ్యూ పెట్టుకున్నాం. ముగ్గురు పరీక్షకులు. ఒకరు లైబ్రేరియన్ గారు. రెండోవారు రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు హెడ్మాస్టారు. మూడోవాడు మా చెల్లెలి భర్త. దేవరాపల్లి వైపు చెరుకు రైతు. మార్కెట్‌కి బెల్లం తెచ్చినప్పుడల్లా గ్రంథాలయానికొచ్చి కూర్చునేవాడు.

పొడవాటి బల్లకి ఒక పక్క వాళ్ళు, ఒక పక్క నేను. వాళ్ళ తలల పైన గోడకి 'నిశ్శబ్దము పాటించండి' అన్న బోర్డు. లైబ్రేరియన్ గారు ఆ బోర్డు విషయంలో తన సొంత తమ్ముణ్ణి కూడా క్షమించని మనిషి. కాబట్టి నెల రోజులపాటు వాళ్ళు గుసగుసగా అడిగారు, నేను గుసగుసగా చెప్పాను.

మా బావకి ఇది నచ్చలేదు.

"ఏటి బావా, ఆస్పత్రిలో పేషెంటు పక్కన కూకున్నట్టు మాటాడతన్నావు? ఆలకి ఇనపడొద్దా?"

హెడ్మాస్టారు వేలెత్తి బోర్డు చూపించారు.

"బోర్డు ఇక్కడుంది గానీ అక్కడుండదు కదండీ మేష్టారూ."

"మర్యాద ఎక్కడైనా ఒక్కటే," అన్నారాయన మరీ మెల్లగా.

"అయితే సర్లెండి. ఉద్యోగం కూడా మెల్లగా ఇత్తారు."

నేను హెడ్మాస్టారి పక్షాన నిలబడ్డాను. చదువుకున్నవాళ్ళు మెల్లగానే మాట్లాడతారని నా గట్టి నమ్మకం. నేను చూసిన చదువరులందరూ గ్రంథాలయంలోనే కనిపించారు మరి.

ఇంటర్వ్యూ రోజు బల్లకి అవతల అయిదుగురు. సర్టిఫికెట్ల ఫైలు ఇన్నాళ్ళూ నేను పనిచేసే బెల్లం కొట్లో ఉండేది. అధ్యక్షుడుగారు దాన్ని తెరవగానే రెండు చీమలు బయటికొచ్చి నా ఎం.ఏ. పట్టా మీదుగా నడిచాయి.

"వీళ్ళకి కూడా కార్డులు పంపామా?" అన్నారు పక్కనున్న మేడమ్ గారు.

అందరూ నవ్వారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. ప్రశ్నలు మొదలయ్యాయి. నేను చక్కగా, అలవాటైన పద్ధతిలో జవాబులు చెప్పాను. అధ్యక్షుడుగారు ముందుకి వంగారు. ఒకాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి వాళ్ళు కూడా గుసగుసగా అడగడం మొదలుపెట్టారు. టీ తెచ్చిన అటెండరు ఆ వాతావరణం చూసి మునివేళ్ళ మీద నడిచాడు. నేను మాత్రం, పద్ధతి తెలిసిన మనుషులే అనుకున్నాను.

చివరికి మేడమ్ గారు మామూలు గొంతుతో అన్నారు: "క్లాసులో అరవై మంది ఉంటారు. చివరి బెంచీకి ఎలా వినపడుతుంది మీ పాఠం? గొంతు పెంచి చెప్పండి. మార్కెట్లో ధర ఎలా తేలుతుంది?"

అప్పుడు తెలిసింది, నా దగ్గర రెండే గొంతులున్నాయని. ఒకటి గ్రంథాలయానిది, ఒకటి వేలానిది. మధ్యలోది లేదు.

లేచి నిలబడ్డాను. టీ కప్పుల్ని దిమ్మల్లా వరసగా పేర్చి వేలం పిలిచాను. సరుకు ఎక్కువైతే పాట ఎందుకు దిగుతుందో, కొనేవాళ్ళు ముందే కూడబలుక్కుంటే రైతు ఎలా మునుగుతాడో, బీరువా చదువంతా ఆ గొంతులోనే చెప్పాను. వరండాలో కూర్చున్న మిగతా అభ్యర్థులు తలుపులోంచి తొంగిచూశారు. చివరికొచ్చేసరికి అలవాటు కొద్దీ "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని అరచేత్తో బల్ల మీద కొట్టాను. కప్పులు ఎగిరాయి.

అధ్యక్షుడుగారు తన కప్పు సరిచేసుకుని, "ఎవరికి ఖాయం చేశారండీ?" అన్నారు.

"అది తమరే చెప్పాలి సార్," అన్నాను. మళ్ళీ గుసగుసగా.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం నాకే. గ్రంథాలయానికి పరుగెత్తుకెళ్ళి ఆ మాట నా మార్కెట్ గొంతుతో చెప్పాను. లైబ్రేరియన్ గారు బోర్డు వైపు చూశారు, నా వైపు చూశారు, ఒక్కసారికి వదిలేశారు.

మధ్య గొంతు ఇన్నేళ్ళుగా నేర్చుకుంటూనే ఉన్నాను. ముందు బెంచీ వాళ్ళు ఇంకా చెవులు మూసుకుంటూనే ఉన్నారు.

సాయం చేసినవాళ్ళకి దండాలు. పేర్లు రాస్తానంటే ఎవరూ ఒప్పుకోలేదు. బీరువా తాళం నా చేతికిచ్చిన లైబ్రేరియన్ గారికి, తప్పు సలహా అయినా నెల రోజులు ఓపిగ్గా ఇచ్చిన హెడ్మాస్టారికి, సరైన సలహా ఇచ్చి ఆ సంగతి ఇప్పటికీ రోజూ గుర్తుచేస్తున్న మా బావకి, చివరి బెంచీని తలచుకున్న మేడమ్ గారికి. ఇక ఆ గదిలో నాకంటే ముందు ధైర్యంగా నడిచిన రెండు చీమలకి. వాటి పేర్లు మాత్రం నాకు నిజంగానే తెలీవు.